దివిదివి కాయల మేస్త్రీ

మొన్న మా బిలాస్‌పూర్ టోకు బజారు వ్యాపార్ విహార్‌లో ఒక గోదాము ముందు లారీలోంచి బస్తాలు దింపుతున్నారు. మందుల దుకాణానికి వెళ్తూ ఎండకి తాళలేక ఆ గోదాము నీడలో ఆగాను. కొక్కెం తగిలి ఒక బస్తా చిరిగింది. ఎర్రటి గోధుమరంగు కాయలు గలగలమంటూ నా కాళ్ళ దగ్గర పడ్డాయి. వేలెడు పొడవు, ఎండి చెవి డొప్పలా ముడుచుకుని మెలితిరిగిన కాయలు. "క్యా మాలూమ్ బాబా, చమ్‌డే వాలోంకా మాల్ హై" అన్నాడు హమాలీ, నేను అడక్కుండానే. ఏమో బాబా, తోళ్ళవాళ్ళ సరుకు అని. నాకు మాలూమే. వంగి ఒకటి తీసుకుని, గింజలు రాల్చేసి, తొక్క ముక్క విరిచి నాలుక మీద పెట్టుకున్నాను. ఒక్క క్షణంలో నోరంతా ఎండిపోయింది. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. కరక్కాయ నమిలినా అంత వగరు ఉండదు. డెబ్బై దాటిన ముసలాడు నడిరోడ్డు మీద తోళ్ళ సరుకు నోట్లో పెట్టుకుని నవ్వుతుంటే ఆ హమాలీలు నాకు మతి చెడిందనుకుని ఉంటారు. ఆ వగరు నాకు మొదటిసారి చూపించింది పైడయ్య మేస్త్రీ. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు.

పైడయ్య మేస్త్రీని కళ్ళారా చూసినవాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పుడు నాతో కలిపి ఇద్దరో ముగ్గురో మిగిలారు. మా రైల్వే ఇళ్ళలో పిల్లలకి తెలుగు చదవడం సరిగ్గా రాదు. ఈ సంగతి హిందీలో రాస్తే కనీసం వాళ్ళయినా చదువుతారు కదా అన్నారు మావాళ్ళు. నిజమే. కానీ ఆయన నాతో మాట్లాడిన ప్రతి మాటా సాలూరు వైపు తెలుగులో ఉంది. ఇంకో భాషలోకి మారిస్తే ఆ మనిషిని నేనే గుర్తుపట్టలేను. అందుకని ఇలాగే రాస్తున్నాను.

మా నాన్న పోయాక, ఉన్న కాస్త పొలం పెదనాన్నలకి వదిలేసి, మా అమ్మని వెంటబెట్టుకుని బొబ్బిలి దగ్గర మా పల్లె నుంచి బిలాస్‌పూర్ వచ్చాను. మెట్రిక్ పాసయ్యాను కాబట్టి రైల్వేలో గుమాస్తా పని ఇస్తారనుకున్నాను. ఇచ్చింది అర్పా నది ఒడ్డున ఉన్న పంపుహౌసులో మేస్త్రీ చేతికింద సాయం చేసే ఖలాసీ డ్యూటీ. నది ఇసుకలో తవ్విన పెద్ద బావిలోంచి ఆవిరి పంపు నీళ్ళు తోడేది. ఆ నీళ్ళు గొట్టాల మీదుగా స్టేషను దగ్గరున్న ఎత్తయిన టాంకీకి ఎక్కేవి. షెడ్డులో ఇంజన్లు తాగేవి అవే, మా క్వార్టర్ల కుళాయిల్లో వచ్చేవీ అవే. మొదటిరోజు తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కాతో వెళ్ళాను. మేస్త్రీ నన్ను కిందికీ పైకీ ఓసారి చూశాడు. యాభై దాటిన మనిషి, పొట్టి, మణికట్లు మాత్రం నా మోచేతులంత ఉన్నాయి. నా కుడిచెయ్యి పట్టుకుని పంపు ఒంటి మీద ఆనించాడు.

"ఏటి ఇనిపిస్తన్నాది?" అన్నాడు.

"చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదండీ."

"సెవితో కాదు బాబూ. సేత్తో ఇను."

మూడు వారాలు అదే చేయించాడు. నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం అరచేతి కింద సన్నగా ఏదో జారినట్టు అనిపించింది. చెప్పాను. ఆయన మీసం కదిలింది. అదే ఆయన నవ్వు. ఆవిరి ఆపించి, పంపు విప్పించి, లోపలినుంచి గిన్నె ఆకారంలో ఉన్న తోలు వాషరు బయటికి తీశాడు. దాన్ని మేము కప్పు అనేవాళ్ళం. లోపల కడ్డీ పైకి వెళ్ళినప్పుడల్లా ఈ కప్పు గొట్టం గోడకి ఒత్తుకుని, నీళ్ళు వెనక్కి జారకుండా పట్టి ఉంచుతుంది. దాని అంచు ఒకచోట అరిగి జాలీలా అయింది. "ఇంత పెద్ద ఇనప రాచ్చసికి పేణం ఈ తోలుముక్కలో ఉన్నాది" అంటూ కొత్తది నా చేతికిచ్చి బిగించమన్నాడు. నేను తలకిందులుగా బిగించాను. ఆయన చూస్తూనే ఉన్నాడు, చెప్పలేదు. పంపు గాలి మింగి దగ్గుతుంటే నేనే విప్పి, నేనే తెలుసుకుని, సరిగ్గా పెట్టేదాకా గట్టు మీద కూచున్నాడు. ఆ తర్వాత తన డబ్బా విప్పి రాగులతో కాచిన చోడి అంబలీ, ఉల్లిపాయా సగం నాకు పెట్టాడు. ఆ రోజు నుంచి రోజూ మా మధ్యాహ్నం తిండి ఆ ఒక్క డబ్బాలోనే.

కాలనీలో ఆయన్ని అందరూ పైడయ్య నాయుడు అనేవారు. రామకోవెల్లో శనివారం భజన ఆయన తాళం లేకపోతే సాగేది కాదు. ఆయన ఏ ఊరివాడో, ఎవరి తాలూకో ఎవరూ గట్టిగా అడగలేదు. రైలుపట్టాలు వేసే రోజుల్లో కూలీగా వచ్చాడని మాత్రం తెలుసు. పేరు చివర ఆ నాయుడు ఎవరు తగిలించారో కూడా ఎవరికీ గుర్తులేదు.

నేను పనిలో చేరిన మరుసటి ఏడు రెండో ప్రపంచ యుద్ధం ముదిరింది. సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి, రావలసిన సామాన్లు ఆగిపోయాయి. స్టోరులో తోలు కప్పులు అడిగితే లేవన్నారు. కాన్పూరు తోళ్ళన్నీ సైనికుల బూట్లకి పోతున్నాయన్నారు. మాఘమాసంలో మా దగ్గరున్న ఆఖరి జత పంపులో వేశాం. మామూలుగా ఒక జత మూడు నెలలు పనిచేస్తుంది. అంటే సరిగ్గా ఎండలు ముదిరే వేళకి అరిగిపోతుంది. అర్పా ఎండి ఇసుక మిగిలే కాలం అది. ఇంజను నీళ్ళు లేకుండా ఎలా నడుస్తుంది? సైన్యం సరుకు బళ్ళు రోజుకి ఎన్నో మా స్టేషను మీదుగానే పోతున్నాయి. ఫోర్మన్ దొర రోజూ వచ్చి కప్పుల సంగతి అడిగేవాడు, మేము రోజూ తల అడ్డంగా ఊపేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం తిండి వేళకి మేస్త్రీ చొక్కా జేబులోంచి నాలుగు మెలితిరిగిన కాయలు తీసి నా ముందు పెట్టాడు. "నోట్లో ఎట్టుకుని సూడు" అన్నాడు. పెట్టుకున్నాను. నా ముఖం చూసి మీసం కదిలించాడు.

"కుదుదండ్‌లో పాత బంగళా ఎనకాల నాలుగు సెట్లున్నాయి. ఏ దొరో పువ్వుల వాసనకని నాటుంటాడు. పదేళ్ళ నుంచి సూస్తన్నాను, మాలీ ఏటేటా కాయలు ఊడ్సి కాల్సీస్తన్నాడు. ఈటిని దివిదివి కాయలంటారు. నీ నాలికని ఏటి సేసిందో, గొడ్డు తోలునీ అదే సేస్తాది. ఒడిసి పట్టీస్తాది. అప్పుడది నీళ్ళలో కుళ్ళదు."

"మీకెలా తెలుసండీ?" అన్నాను.

ఆయన డబ్బా మూత తీసి అంబలి కలుపుతూ, నా వైపు చూడకుండా, "నాను పుట్టింది తోళ్ళు పదును సేసే ఇంట్లో బాబూ. మా అయ్య పేరు సన్నాసి. మా ఇంటెనకాల లందలుండీవి, తోళ్ళు నానేసే తొట్లు. పదారేళ్ళు వొచ్చీదాక నాను సేసింది ఆ పనే" అన్నాడు. సగం అంబలి ఎప్పటిలాగే నా వైపు జరిపాడు.

నేను ఈ మాట రాయకుండా దాటేయవచ్చు. అడిగేవాళ్ళు లేరు. కానీ దాటేస్తే ఆయన గురించి రాసిందంతా దండగ. "ఇవాళ ఆకలిగా లేదండీ" అన్నాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూశాడు. కోపం లేదు. అలాంటి మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ముప్పై ఏళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషి చూపు అది. "సరే" అని ఒక్కడే తిన్నాడు.

మరునాడు ఆయన ఫోర్మన్ దొర దగ్గరికి వెళ్ళి, తోలు తానే పదును చేస్తానని చెప్పి అనుమతి తెచ్చుకున్నాడు. ఇద్దరం కుదుదండ్ వెళ్ళి కాయలు పోగుచేశాం. చెట్లు పెద్దవేం కావు, గొడుగుల్లా అడ్డంగా పరుచుకున్న కొమ్మలు, చింతాకు లాంటి చిన్న ఆకులు. మాలీ కాల్చకముందే రెండు గోనెలు నిండాయి. తోలు కోసం నది దాటి లింగియాడీహ్ వెళ్ళాం. అక్కడ దుఖూ అనే ఆయన చెప్పులు కుట్టేవాడు. మేస్త్రీ అతని పెరట్లో ఆరేసిన పచ్చితోళ్ళు ఒక్కొక్కటీ గోటితో గీరి, వెలుతురుకి ఎత్తి, మెడ దగ్గర మందం చూసి ఒకటి తీశాడు. దుఖూ నోరు తెరిచి, ఛత్తీస్‌గఢీలో "తహూఁ జానథస్ కా?" అన్నాడు. నీకూ తెలుసా అని. మేస్త్రీ చెయ్యి గుండె మీద వేసుకుని, "మోర్ బాప్‌కే కామ్ ఏ" అన్నాడు. మా నాన్న పని ఇది. ఆ మాట అంత గట్టిగా, అంత హాయిగా ఆయన నోట రావడం నేను మొదటిసారి విన్నాను. దుఖూ లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు. మేస్త్రీ తాగాడు. నేను చెప్పులు సరిచేసుకుంటున్నట్టు నటించాను.

పంపుహౌసు వెనక నాలుగు పాత పీపాలు దించి పని మొదలుపెట్టాడు. తోలుని సున్నపునీళ్ళలో నానేసి, వెంట్రుకలు గీకి, తవుడు నీళ్ళలో సున్నం పోగొట్టి, కాయల పొడి కలిపిన నీళ్ళలో దించాడు. ముందు పలచటి నీళ్ళు, తర్వాత చిక్కటివి. నేను ఖలాసీని కాబట్టి నీళ్ళు మోశాను, కాయలు దంచాను. తోలు మాత్రం ముట్టుకోలేదు. ఆయన ముట్టుకోమనీ అనలేదు. మొదటిసారి పని చెడిపోయింది. ఆ ఏడు ఎండలు ముందే వచ్చాయి. కాయనీళ్ళు పులిసి, నురగ కట్టి, తోలు మెత్తగా జిగురైపోయింది. "మా ఊళ్ళో ఈ కాయతో తుమ్మబెరడు కలిపీవోళ్ళు. ఎందుకో అడగనేదు మా అయ్యని. ఇప్పుడు తెలిసొచ్చినాది" అన్నాడు. ఆ తోలు తీసి ఇసుకలో పాతిపెట్టాడు. కానీ ఆ కంపు గాలికి కాలనీ దాకా వెళ్ళింది. రెండు రోజుల్లో సంగతి అందరికీ తెలిసిపోయింది.

శనివారం సాయంత్రం భజనకి ముందే రామకోవెల వాకిట్లో జనం పోగయ్యారు. రిటైరైన గార్డు జగన్నాథం గారు పెద్ద. ఆయన చెడ్డవాడు కాదు, కాలనీలో ఎవరింట్లో చావొచ్చినా ముందు నిలబడే మనిషి. పైడయ్య మేస్త్రీ వచ్చి మెట్ల దగ్గరే ఆగాడు. ఆ కాయనీళ్ళు ఇనప పనిముట్లకి తగిలితే నల్లగా మారతాయి. కాటుక పూసినట్టు ఆయన చేతులు మోచేతుల దాకా నల్లబడి ఉన్నాయి. దాచుకోలేదు.

"నాయుడూ, ఏటిది? తోళ్ళు నానేస్తన్నావంట?" అన్నారు జగన్నాథం గారు.

"అవునండి. ఇంకో మాట. నాను నాయుణ్ణి కాను. ఆ పేరు నాను తగిలించుకోనేదు, అయితే పీకనూ నేదు. ఆ తప్పు నాదే. మాది తోళ్ళు పదును సేసే ఇల్లు."

జగన్నాథం గారు మెట్ల దాకా వచ్చారు. "అది సరే. ఆ తోలు పంపులో ఎడతావు. ఆ నీళ్ళే మా కుళాయిల్లోకి వొస్తాయి. ఎలాగ తాగమంటావు మమ్మల్ని?"

"ఇన్నేళ్ళూ తాగినారు గదా బాబూ" అన్నాడు మేస్త్రీ. "సీమ నుంచి వొచ్చింది కూడా గొడ్డు తోలే. దాన్నీ ఎవులో ఒకడు ఇలాగే సేతులు నల్లగా సేసుకుని పదును సేసినాడు. ఆడి కులం మీకెవులూ సెప్పనేదు, మీరూ అడగనేదు. ఇక్కడ సేసినోడు మీ ఎదర నిలబడ్డాడు. తేడా అంతే."

ఎవరూ లోపలికి రమ్మనలేదు. ఆయన తన భజన తాళాలు జేబులోంచి తీసి చూసుకుని, మళ్ళీ జేబులో వేసుకుని, వెనక్కి తిరిగి నెమ్మదిగా నడిచి వెళ్ళాడు. తల దించలేదు. నేను ఆ గుంపులోనే ఉన్నాను. ఒక్క మాట అనలేదు. ఆ రాత్రంతా అరచేతిలో ఏదో జారుతున్నట్టే ఉంది.

మర్నాడు పనిలోకి వెళ్ళేసరికి మేస్త్రీ కొత్త తోలు పీపాలో దించుతున్నాడు. ఈసారి తుమ్మబెరడు దంచి కాయలతో కలిపాడు, పీపాలు చెట్టునీడకి మార్చాడు. నేను చొక్కా విప్పి, రెండు చేతులూ పీపాలో ముంచి, తోలు అవతలి అంచు పట్టుకున్నాను. చల్లగా, బరువుగా, జారుడుగా ఉంది. ఆయన అటు కొస, నేను ఇటు కొస పట్టుకుని తిప్పాం, మడత పడకుండా దించాం. మధ్యాహ్నం నేనే అడిగాను.

"మేస్త్రీగారూ, ఇవాళ డబ్బాలో ఏటుంది?"

"అంబలే. ఇంకేటుంటాది?" అన్నాడు. మీసం కదిలింది. సగం పెట్టాడు.

ఆ సాయంత్రం అన్నం ముందు కూచుంటే మా అమ్మ నా చేతులు చూసింది. కాలనీ అంతా మాట్లాడుకుంటున్న సంగతి ఆవిడకి తెలియకపోదు. ఆ తోలు ఇంకా పంపులో పడకపోయినా, నాలుగు రోజులుగా కుళాయి నీళ్ళు మాని, నది ఇసుకలో చెలమ తవ్వుకుని బిందె మోసుకొస్తోంది కూడా.

"కడుగు" అంది.

"కడిగానమ్మా. పోదు. చర్మం ఊడిపోతే పోతుందేమో."

అన్నం గిన్నె దగ్గరికి లాక్కుంటూ మెల్లిగా అడిగింది. "నీకు పని సెప్పినోడు ఆ మేస్త్రీయేనా?"

"ఆయనే."

"కోవెల కాడ నువ్వేటన్నావు?"

"ఏమీ అనలేదు."

మా అమ్మ కంచంలో అన్నం పెడుతూ పెడుతూ చెయ్యి ఆపింది. "ఓరి సూరిగా, నీ బాబు పోయినాక మనకి సొంతోళ్ళే గింజ పెట్టనేదు. ఈ ఊళ్ళో నిన్ను మనిసిని సేసినోడు ఆడు. ఆణ్ణి నలుగురిలో ఒగ్గీసి వొచ్చినావా?" అంది. ఆ తర్వాత అన్నం పెట్టింది, కానీ నేను తినేదాకా నా ముఖం చూడలేదు. మేస్త్రీ తిట్టని తిట్టు ఆవిడ తిట్టింది. అది నాకు చాలా అవసరమైంది.

చైత్రం ముగిసేసరికి పాత కప్పులు అరిగిపోయాయి. తిరగేసి బిగించాం, అంచులకి నూనెలో తడిపిన తాడు చుట్టాం. రోజంతా నడిచినా టాంకీ సగం కూడా నిండేది కాదు. కుళాయిలు పూటకి అరగంటే వచ్చేవి. ఫోర్మన్ దొర పీపాల దగ్గరికొచ్చి తోలు బయటికి తీయమన్నాడు. నాటికి ముప్పై రోజులైంది. మేస్త్రీ అంచు నుంచి వేలెడు ముక్క కోసి, కోసిన చోటు ఆయనకి చూపించాడు. అటూ ఇటూ గోధుమరంగు తిరిగింది. నడిమధ్యలో దారంలా తెల్లటి గీత.

"కచ్చా హై సాబ్. దస్ దిన్ ఔర్." ఇంకా పచ్చిగానే ఉంది, మరో పది రోజులు అని.

"పది రోజులు ఆగితే నా బళ్ళు ఆగిపోతాయి!" అని దొర హిందీలో కేకలేశాడు. నీ ఉద్యోగం పోతుందన్నాడు. మేస్త్రీ చేతులు కట్టుకుని నిలబడి, "ఇప్పుడు పెడితే వారంలో కుళ్ళిపోతుంది సాబ్, అప్పుడు నా పనీ పోతుంది, మీ నీళ్ళూ పోతాయి. ఉద్యోగం తీసేస్తే తీసేయండి. పచ్చితోలు మాత్రం నా చేత్తో పంపులో పెట్టను" అని తనకొచ్చిన హిందీలో చెప్పాడు. ఒక దొర ముందు ఒక మేస్త్రీ అంత నెమ్మదిగా కాదనడం నేను చూడటం అదే మొదలు. దొర ఎర్రబడి, కోసిన ముక్కని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఉద్యోగం తీయలేదు. ఆ పది రోజులూ మేమిద్దరం అరిగిన కప్పులతో పంపుని బతిమాలుకుంటూ నడిపాం. చేతులు బొబ్బలెక్కాయి.

నలభై రోజులు నిండిన ఉదయం మేస్త్రీ మళ్ళీ అంచు కోశాడు. తెల్లగీత లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే రంగు. ఆయన ఆ ముక్కని చాలాసేపు వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. "మా అయ్య సూస్తే బాగున్ను" అన్నాడు. తోలు ఆరబెట్టి, గుండ్రంగా కోసి, షెడ్డు వడ్రంగి చెక్కిచ్చిన అచ్చు మీద తడితడిగా బిగించి కప్పుల ఆకారం తెచ్చాం. వేడి కొవ్వులో ముంచి తీశాం. ఆఖరి కప్పు అంచు సాపు చేసే పని నాకిచ్చాడు. బిగించేదీ నన్నే బిగించమన్నాడు. ఈసారి తలకిందులు పెట్టలేదు.

ఆవిరి వదిలాం. నేను పంపు మీద అరచెయ్యి ఆనించాను. ఎక్కడా జారడం లేదు. పట్టిన పట్టు పట్టినట్టే ఉంది. సాయంత్రానికి టాంకీ నిండి, పైనున్న గొట్టంలోంచి నీళ్ళు పొంగి కిందికి కారాయి. షెడ్డులో ఖలాసీలు కేకలు పెట్టారు.

ఆ సాయంత్రం మా క్వార్టర్ల వరస కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా బిందెలతో నిలబడ్డారట. నీళ్ళు ధారగా వస్తున్నాయి. ఎవరూ బిందె పెట్టడం లేదు. ఈ సంగతి పక్కింటావిడ నాకు తర్వాత చెప్పింది. మా అమ్మ అందరినీ దాటుకుని ముందుకు వెళ్ళి, బిందె కింద పెట్టి, నిండేలోగా దోసిలి పట్టి తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, "నా కొడుకు కూడా ఏలెట్టినాడు దీన్లోన. బాగానే ఉన్నాయి" అందట. తర్వాత ఒక్కొక్క బిందే ముందుకు జరిగింది. అన్నీ కాదు. జగన్నాథం గారింట్లో వానలు పడేదాకా నది నీళ్ళే తాగారు.

ఫోర్మన్ దొర నెలాఖరుకి పంపు విప్పించి కప్పులు తీసి చూశాడు. అంచు చెక్కు చెదరలేదు. మరో నాలుగు స్టేషన్ల పంపులకి కూడా కావాలన్నాడు. దుఖూని కూడా పనికి పెట్టమని మేస్త్రీ అడిగితే పెట్టాడు. జతలు కట్టి పంపేటప్పుడు ప్రతి మూటకీ చేసినవాడి పేరుతో చీటీ కట్టాలని స్టోరు గుమాస్తా అన్నాడు. పైడయ్య నాయుడు అని రాయబోతుంటే మేస్త్రీ అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. "నాయుడు ఒద్దు. పైడయ్య, సన్నాసి కొడుకు. అలాగ రాయి. ఇది మా అయ్య పని" అన్నాడు. తాత ముత్తాతల నాటి నుంచి ఎవరూ ఎక్కడా రాయని పేరు అది. ఇంగ్లీషు అక్షరాల్లో, రైలు మీద, నాలుగు ఊళ్ళు తిరిగింది. ఆ చీటీల్లో సగం నేను రాశాను.

ఆ శ్రావణంలో కోవెల నుంచి ఇద్దరు పెద్దలు ఆయనింటికి వెళ్ళి భజనకి రమ్మన్నారు. "పైడయ్యా అని పిలిస్తే వొస్తాను" అన్నాడు. పిలిచారు, వెళ్ళాడు. ఆయన తాళం వేసినన్నాళ్ళూ జగన్నాథం గారు మాత్రం భజనకి రాలేదు. అన్నీ సర్దుకున్నాయని రాస్తే అబద్ధం అవుతుంది. కానీ జగన్నాథం గారు రాని చోట మా అమ్మ వెళ్ళి ముందు వరసలో కూచునేది. ఏ పాటా రాదు, ఊరికే కూచునేది.

స్వతంత్రం వచ్చాక రెండేళ్ళకి పైడయ్య మేస్త్రీ రిటైరై ఒరిస్సాలోని ఖుర్దాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను ఆ పంపుహౌసుకే మేస్త్రీనయ్యాను. తర్వాత పెద్ద స్టేషన్లకి వెళ్ళాను. చెయ్యి ఆనించి పంపు జాతకం చెప్తాడని నన్ను గురించి అనుకునేవారు. రిటైరయ్యే ముందు ఏడాది, కొత్తగా చేరినవాళ్ళకి పంపుల గురించి చెప్పమని నన్ను ఒక క్లాసుకి పిలిచారు. ముప్పై మంది యువకులు, అందరూ డిప్లొమాలు చదివినవాళ్ళే. అందులో ఒకతను, "సర్, ఆప్‌నే కిస్సే సీఖా?" అని అడిగాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని. నేను కుర్చీలో కూచుని ఉన్నాను. అప్పటికే మోకాళ్ళు నొప్పి.

లేచి నిలబడ్డాను. "పైడయ్య, సన్నాసి కొడుకు. తోళ్ళు పదును చేసే ఇంట పుట్టినవాడు" అని చెప్పాను. నేను ఆయన్ని ఒకసారి నలుగురిలో వదిలేశానని కూడా చెప్పాను. చివరి బెంచీలో ఒక యువకుడు అప్పటిదాకా దించుకున్న తల ఎత్తి, నా వైపు సూటిగా చూశాడు. ఎవరి తాలూకో నేను అడగలేదు.

ఇప్పటికీ ఎవరైనా ఆ ప్రశ్న అడుగుతూనే ఉంటారు, పెళ్ళిళ్ళలో, పెన్షను ఆఫీసులో, రైల్లో. కూచుని ఉంటే లేచి నిలబడే చెప్తాను.